మొరాయించని బండి

లిండ్‌నర్ ఊరికి పోలీసు ఛీఫూ వెండెల్ కుచెరాయే, కింద పనిచేసే పోలీసూ వెండెల్ కుచెరాయే. పగలంతా ఆయనొక్కడే. పొద్దుగూకాక జిల్లా షెరిఫ్ మనుషులు ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోతారు. నెబ్రాస్కా మొక్కజొన్న పొలాల మధ్య ఒక ధాన్యం గిడ్డంగి, దాన్ని ఆనుకుని నాలుగు వీధులు, అంతే ఊరు. అక్కడ నేరమంటే ఒకరి పందులు ఇంకొకరి పెరట్లో పడటం, లేదా తాగినవాడు సొంత ఇల్లనుకుని పక్కింటి తలుపు బాదడం. ఇంత చిన్న ఉద్యోగంలో కాస్త దర్జాగా కనిపించేది ఏదైనా ఉందంటే అది పోలీసు కారు. ఆ కారేమో పాతబడిపోయింది. వెండెల్ మనసులో ముల్లు అదే.

పొరుగున ఉన్న గార్నెట్ పెద్ద ఊరు, అక్కడ కోర్టుంది, ఆసుపత్రి ఉంది. ఆ ఏడాది అక్కడి పోలీసులకి కొత్త బళ్ళొచ్చాయి. ఎత్తుగా, నల్లగా, మెరుస్తూ ఉంటాయి. కోర్టు పని మీద వెళ్ళినప్పుడల్లా వెండెల్ తన కారుని వాటి పక్కనే ఆపాల్సి వచ్చేది. పక్కన ఆపితే ఊరుకుంటారా వాళ్ళు?

"ఏం వెండెల్, నీ ముసల్దానికి పింఛను ఎప్పుడిస్తున్నారు?" అనేవాడొకడు.

"తోలుకొచ్చావా, తోసుకొచ్చావా?" అనేవాడు ఇంకొకడు.

వెండెల్ వాళ్ళతో పాటు నవ్వేవాడు. నవ్వి, ఇంటికొచ్చి భార్య మీద విసుక్కునేవాడు. యాభై దాటిన మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి, కారు కోసం లోలోపల పసిపిల్లాడిలా ఏడ్చేవాడంటే నమ్మబుద్ధి కాదు గానీ, అది నిజం.

కొత్త బండి కావాలని మేయరు రోలండ్ ప్రైబిల్‌ని అడగని నెల లేదు. రోలండ్‌కి హార్డ్‌వేర్ దుకాణం ఉంది. మేకుల్ని కూడా విడివిడిగా అమ్మే మనిషి. ఊరి సొమ్ము ఖర్చు పెట్టాలంటే సొంత ఒంట్లో రక్తం తీసిచ్చినంత బాధ పడతాడు.

"నడిచే బండిని ఎవడైనా మారుస్తాడటయ్యా?" అనేవాడు. "మా ఆవిడకి నా మోకాళ్ళు నచ్చడం లేదు. అలాగని నన్ను మార్చేసిందా? మీటరు మీద లక్షా ఇరవై వేల మైళ్ళు కనపడనీ, అప్పుడు రా. సభలో పెట్టుకున్న నియమం అదీ."

అంత మైలేజీ రావాలంటే లిండ్‌నర్ లాంటి ఊళ్ళో ఇంకో రెండేళ్ళు తిరగాలి. ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళేలోపు సిగరెట్టు కూడా పూర్తిగా కాలదు. వెండెల్ ఆలోచించాడు. గస్తీ అంటే తిరగడమేగా! ఎంత దూరం తిరగాలో ఎవరూ రాసివ్వలేదుగా! అప్పటినుంచి మధ్యాహ్నం భోజనం కాగానే కారెక్కి, ఊరు దాటి, పొలాలు దాటి, జిల్లా పొలిమేరలో ఉన్న నది వంతెన దాకా వెళ్ళి వెనక్కి రావడం మొదలుపెట్టాడు. ఆ వంతెన దగ్గర బాతులు తప్ప మరో ప్రాణి ఉండదు. కాపలా కాయడానికి అక్కడ ఏమీ లేదని ఆయనకీ తెలుసు. ఆయన చూపంతా మీటరు మీదే. అంకె మారినప్పుడల్లా మనసు కాస్త తేలికపడేది.

చిన్న ఊళ్ళలో పోలీసుకి ఇంకో పని కూడా ఉంటుంది. అగ్నిమాపక షెడ్డులో ఊరి ఆంబులెన్సు ఉంటుంది. దానికి జీతగాళ్ళెవరూ లేరు, అంతా స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళే. రోగి పక్కన ఒకరు, స్టీరింగు ముందు ఒకరు లేనిదే బండి కదలకూడదు. బడి నర్సు ఎప్పుడూ ఊళ్ళోనే ఉంటుంది కాబట్టి రోగి పక్కన ఆమె కూర్చుంటుంది. తోలడానికి అనుమతి ఉన్న మగవాళ్ళు కోతల కాలంలో ఎక్కడో పొలాల్లో యంత్రాల మీద ఉంటారు. అందుకని కోతలప్పుడు ఆంబులెన్సు తోలేది వెండెలే. అది ఏనాటి నుంచో ఉన్న ఏర్పాటు. ఎవరూ చెప్పకపోయినా అందరికీ తెలుసు. వెండెల్‌కీ తెలుసు.

మొక్కజొన్న కోతలు ముమ్మరంగా సాగుతున్న ఒక మధ్యాహ్నం, కారు వంతెన దగ్గర వెనక్కి తిరుగుతుండగా రేడియో పలికింది. ఎమిల్ స్టాంగ్ వంటింట్లో కుప్పకూలాడు. మూతి వంకరపోయింది. నర్సు షెడ్డు దగ్గరికి చేరుకుంది, తోలేవాడి కోసం చూస్తోంది.

"ఎక్కడున్నావు వెండెల్?" అంది రేడియోలో కబురందించే అమ్మాయి.

 వంతెన దగ్గరున్నానంటే, అక్కడ నీకేం పని అంటారు. ఆలోచించుకునే లోపే నోరు తన దారి తాను చూసుకుంది.

"తూర్పు పొలాల దగ్గరున్నా. వచ్చేస్తున్నా," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "బండి మొరాయిస్తోంది," అని కూడా అన్నాడు.

ఆ బండి ఆ రోజు మొరాయించలేదు. దుమ్ము లేపుకుంటూ, ఉన్న శక్తంతా పెట్టి పరిగెత్తింది. దూరం దూరమే కదా, ఎంత పరిగెత్తినా తరగాల్సినట్టే తరుగుతుంది. వెండెల్ షెడ్డు దగ్గర దిగేసరికి నర్సు ఆంబులెన్సు ఇంజను ఆన్ చేసి, తలుపు పట్టుకుని రోడ్డు వంకే చూస్తూ నిలబడి ఉంది. తిట్టలేదు. తిట్టే టైము కూడా లేదు.

ఎమిల్ అంటే ఊరికి పరాయివాడు కాదు. ముప్పై ఏళ్ళు బడి బస్సు తోలాడు. వెండెల్‌ని బడికి తీసుకెళ్ళింది కూడా ఆయనే. చిన్నప్పుడు వెండెల్‌కి పొద్దున్నే లేవడమంటే మహా బద్ధకం. ఎమిల్ ఇంటి ముందు బస్సాపి, హారన్ మోగిస్తూ కూర్చునేవాడు. ఈ వెధవ ఒక కాలికి బూటు, ఒక చేతిలో రొట్టెతో పరిగెత్తుకొచ్చే దాకా కదిలేవాడు కాదు. "నిన్నొదిలేసి ఎక్కడికి పోతాన్రా?" అనేవాడు. ఆంబులెన్సు తోలుతున్నంతసేపూ వెండెల్ చెవుల్లో ఆ హారనే మోగింది.

ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే మందు పని చేసేదని గార్నెట్ ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. ఎమిల్ బతికాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ఆయన భార్య ఆల్వీనా, బడి వంటగదిలో ఊరి పిల్లలందరికీ వండి పెట్టిన మనిషి, వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. వెండెల్ ఆమె పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడే ఆయన వీపు నిమిరింది.

"నువ్వేం చేస్తావు నాయనా, ఆ డొక్కు బండి పెట్టిన ఇబ్బంది," అంది.

ఆ క్షణాన నిజం చెప్పేయాల్సింది. నోరు తెరిచాడు కూడా. ఏడుపు వచ్చిందే గానీ నిజం రాలేదు.

ఆ తర్వాత చెప్పడం ఏ రోజుకారోజు ఇంకా కష్టమైపోయింది. ఊరి సభలో రోలండ్ లేచి నిలబడి, "ఎమిల్ నేల మీద పడి ఉంటే మనం మైళ్ళు చూసుకుంటూ కూర్చున్నాం. సిగ్గుపడాలి మనం," అన్నాడు. మేకులు విడిగా అమ్మే రోలండ్ కళ్ళు తుడుచుకోవడం ఊరు మొదటిసారి చూసింది. కొత్త బండికి అందరూ చేతులెత్తారు. వెనక వరసలో కుక్కిన పేనులా కూర్చున్న వెండెల్‌ని చూసి, పాపం ఎంత కుమిలిపోతున్నాడో అనుకున్నారు. కుమిలిపోతున్న మాట నిజమే, ఎందుకన్నదే వాళ్ళకి తెలియదు.

చలి మొదలయ్యేసరికి కొత్త బండి వచ్చింది. ఎత్తుగా, నల్లగా, గార్నెట్ వాళ్ళ బళ్ళకి ఏ మాత్రం తీసిపోకుండా ఉంది. షెడ్డు దగ్గర కాఫీ పెట్టారు. భర్త ఇంకా ఆసుపత్రి నుంచి రాకపోయినా ఆల్వీనా గసగసాల పూర్ణం పెట్టిన తీపి బన్నులు, కొలాచీలు, పళ్ళెం నిండా చేసుకొచ్చింది. మొదటిది వెండెల్ చేతిలో పెట్టి, "ఇక నీకా అవస్థ లేదు," అంది. అందరూ చూస్తున్నారని నోట్లో పెట్టుకున్నాడు. అది గొంతు దిగడానికి మూడు గుక్కల కాఫీ పట్టింది. ఇన్నాళ్ళూ కలగన్న కారు అది. తలుపు తెరిచి సీట్లో కూర్చుంటే ముళ్ళ మీద కూర్చున్నట్టుంది.

పాత బండి ఒంటి మీద గుర్తులన్నీ తీసేసే పని కూడా ఆయన మీదే పడింది. రిటైరైన పోలీసు కారుని అలాగే వదలకూడదు. పైన దీపాల పట్టీ విప్పాడు. సైరనూ, రేడియో, వెనక సీటుకి అడ్డంగా ఉండే ఇనుప జాలీ పీకేశాడు. భార్య జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి, తలుపుల మీద అతికించిన అక్షరాలకి వేడి తగిలించి, గోళ్ళతో ఒక్కొక్కటే ఊడదీశాడు. అక్షరాలు ఊడాయి గానీ, చుట్టూ ఎండకి వెలిసిన రంగు మధ్య అవి ఉన్నచోట మాత్రం ముదురుగా మిగిలింది. తుడిచాడు, రుద్దాడు, పోలేదు. కాస్త దూరం నుంచి చూసినా అది ఏ బండో తెలిసిపోతోంది.

దాన్ని వేలానికి పెట్టారు. కావలసినవాళ్ళు కవర్లో ధర రాసి మేయరు ఆఫీసులో ఇవ్వాలి. మొరాయించే బండని ఊరందరికీ తెలుసాయె, వచ్చింది ఒక్కటే కవరు. అది ఆల్వీనాది.

సంగతి వినగానే వెండెల్ ఆమె ఇంటికి పరిగెత్తాడు.

"ఆ బండి మీకెందుకండీ ఆల్వీనా గారూ? వద్దు. నా మాట వినండి."

"మరి వారం వారం ఆయన్ని గార్నెట్ తీసుకెళ్ళి కాలూ చెయ్యీ కదిలించే వైద్యం చేయించాలిగా, దేంట్లో తీసుకెళ్ళను? ఎమిల్ ట్రక్కు గేర్లు నా వల్ల కాదు. ఈ కారు చవగ్గా వస్తోంది. మొరాయిస్తుందని తెలిసే కొంటున్నా. ఎవరి చేతైనా బాగు చేయించుకుంటా."

"అది... అది మీరనుకున్నంత..." అని ఆగిపోయాడు. నిజం చెప్పేయడానికి ఒక్క అడుగు ఇవతల నిలబడి ఉన్నాడు. ఆ అడుగు వెయ్యలేక పక్కకి గెంతాడు. "నేనే బాగు చేసిస్తానండీ. శనివారం మా షెడ్డులో పెట్టుకుని చూస్తా."

"నీ మనసు మంచిది నాయనా," అంది ఆల్వీనా.

ఆ శనివారం వెండెల్ షెడ్డు తలుపులు మూసుకుని పాత బండిలో కూర్చున్నాడు. తాళం తిప్పితే ఇంజను హాయిగా పలికింది. బాగు చేయడానికి అందులో ఏ జబ్బూ లేదు. నూనె మార్చాడు, కడిగాడు, లోపలంతా తుడిచాడు. మీటరు చూశాడు. అది ఇంకా లక్షా ఇరవై వేలకి చేరనే లేదు. ఆ అంకెని చూస్తుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. చేతులకి కావాలని కాస్త గ్రీజు పూసుకున్నాడు. ఆ చేతుల్తోనే సాయంత్రం బండిని ఆల్వీనాకి అప్పజెప్పాడు. ఆవిడ ఒక పెద్ద గిన్నెడు సూప్ చేతిలో పెట్టి పంపింది. ఇంటికెళ్ళే దారిలో దాన్ని పారబోయడానికి చేతులు రాలేదు, తాగడానికి నోరు రాలేదు.

అబద్ధం చెప్పినవాడికి దొరికిపోవడమే పెద్ద శిక్ష అనుకుంటాం. కాదు. అందరూ మెచ్చుకోవడం అంతకంటే పెద్ద శిక్ష. ఆ చలికాలమంతా వెండెల్ దాన్ని అనుభవించాడు. చర్చిలో, దుకాణాల్లో, ఎక్కడ కనపడినా ఆల్వీనా ఆ బండి గురించే చెప్పేది. జనవరిలో ఊపిరి కూడా గడ్డకట్టేంత చలి పడింది. ఊళ్ళో సగం బళ్ళు కదల్లేదు. ఆల్వీనా కారు మాత్రం గార్నెట్ వెళ్ళొచ్చింది.

ఒక ఉదయం ధాన్యం గిడ్డంగి ఆఫీసులో మగవాళ్ళు మామూలుగా కాఫీ తాగుతూ కూర్చుని ఉన్నారు. వెండెల్ ఓ మూల ఉన్నాడు, రోలండ్ కౌంటరుకి ఆనుకుని ఉన్నాడు. పిట్టల గింజల సంచీ కోసం ఆల్వీనా లోపలికొచ్చింది. బయట కారు ఇంజను నడుస్తూనే ఉంది, ముందు సీట్లో దుప్పటి కప్పుకుని ఎమిల్ కూర్చుని ఉన్నాడు.

"ఏం ఆల్వీనా, మన ముసలి గుర్రం ఎలా ఉంది?" అన్నాడు రోలండ్.

"బంగారమనుకో. మొన్నటి చలికి నా నడుమే లేవలేదు గానీ, అది మాత్రం తాళం తిప్పగానే లేచి కూర్చుంది. అంతా వెండెల్ చలవ. ఎమిల్‌కైతే అదంటే ప్రాణం. నా పేరు కూడా సరిగ్గా పలకలేడా, కారెక్కగానే దాని మీద చెయ్యేసి 'మంచి బండి' అంటాడు. ఆ ఒక్క మాటా స్పష్టంగా వస్తుంది."

రోలండ్ వెండెల్ వైపు తిరిగాడు. "ఇంతకీ ఏం చేశావయ్యా దానికి? మా ట్రక్కుకి కూడా అదే చేద్దువుగాని."

"పెద్దగా ఏం లేదులే," అన్నాడు వెండెల్ కప్పులోకి చూస్తూ.

"పెద్దగా ఏం లేదా?" రోలండ్ మొహంలో నవ్వు పోయింది. "పెద్దగా ఏం లేనిదానికా కొత్త బండి కొన్నాం? ఒక్క శనివారంలో అయ్యే పని, కోతలకి ముందే చేసుంటే ఆ రోజు ఎమిల్..."

మిగతాది మింగేశాడు. 

"చాల్లే రోలండ్," అంది ఆల్వీనా. మనిషి పొట్టిదే గానీ బడి వంటగది గొంతు ఇంకా పోలేదు. "వాడేమన్నా మెకానిక్కా? జబ్బేంటో ముందే తెలిస్తే చెయ్యడా? ఆ రోజు వాడు చిన్నపిల్లాడిలా ఏడవడం నేను చూశాను. నా ఎదురుగా వాణ్ణి ఇంకొక్క మాటన్నావంటే బాగుండదు."

తిడితే ఓర్చుకునేవాడు. నిలదీస్తే ఇంకో అబద్ధం వెతుక్కునేవాడు. తన మూలంగా మంచాన పడ్డవాడి భార్య తన తరఫున పోట్లాడుతుంటే మాత్రం వెండెల్ తట్టుకోలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"దానికి ఏ జబ్బూ లేదు," అన్నాడు. "అప్పుడూ లేదు. నేను బాగు చేసిందీ లేదు, నూనె మార్చానంతే. ఆ రోజు అది మొరాయించలేదు. నేను నది వంతెన దగ్గరున్నాను."

"వంతెన దగ్గరా?" అన్నాడు రోలండ్. "అక్కడేం పనయ్యా నీకు?"

"ఏం పనీ లేదు. మీటరు తిప్పుకుంటున్నా. లక్షా ఇరవై వేలు తొందరగా వస్తే కొత్త బండి ఇస్తారని. రోజూ వెళ్ళేవాణ్ణి." నేల వంక చూస్తూనే చెప్పాడు. "నర్సు షెడ్డు దగ్గర నా కోసం చూస్తున్నంతసేపూ నేను అక్కడినుంచి వస్తూ ఉన్నాను. చెప్పడానికి సిగ్గేసి, నేరం బండి మీదకి తోశాను."

రోలండ్ తన కప్పుని కౌంటరు మీద పెట్టి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఆ నియమం పెట్టింది తానే అన్న సంగతి ఆయనకి గుర్తొచ్చినట్టుంది. 

ఆల్వీనా గింజల సంచీని నెమ్మదిగా కింద పెట్టింది. కేకలు వేస్తుందనుకున్నాడు వెండెల్. చెంప పగలగొట్టినా బాగుండుననుకున్నాడు. ఆవిడ అలాంటిదేమీ చెయ్యలేదు.

"కొత్త కారు కోసమా," అంది. అడిగినట్టు లేదు, తనలో తాను సరిచూసుకున్నట్టుంది. "నీకు కొలాచీలు పెట్టాను నేను."

"ఆల్వీనా గారూ..."

"నాకెందుకు చెప్తావు? పడిపోయింది నేనా? ఆయన బయటే ఉన్నాడు. వెళ్ళి ఆయనకి చెప్పు. ఆయనకి మాట రాదు గానీ అన్నీ అర్థమవుతాయి."

గుమ్మం నుంచి కారు దాకా ఎంతో దూరం లేదు. వెండెల్ మాత్రం ఆ నాలుగడుగులూ ఆగి ఆగి వేశాడు. కారు తలుపు మీద తాను ఊడదీసిన అక్షరాల జాడ ఆ ఉదయపు వెలుతురులో ఇంకా తెలుస్తూనే ఉంది. డ్రైవరు వైపు తలుపు తెరిచి కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి కూర్చున్న సీటు, ఆయన ఒంటిని గుర్తుపట్టి సర్దుకుంది. లోపల వెచ్చగా ఉంది.

ఎమిల్ తల తిప్పి చూశాడు. గుర్తుపట్టి, ఒకవైపు మూతితో నవ్వాడు. ఆ సగం నవ్వు చూస్తూ మొదలుపెట్టలేక, వెండెల్ ముందరి అద్దంలోంచి రోడ్డుని చూస్తూ చెప్పాడు. వంతెన గురించి చెప్పాడు, మీటరు గురించి చెప్పాడు, రేడియోలో తాను అన్న మాట కూడా దాచకుండా చెప్పాడు.

"నా కోసం మీరు బస్సాపుకుని కూర్చునేవారు," అన్నాడు చివరికి. "మీరు ఎదురుచూస్తుంటే నేను రాలేదు." 

ఎమిల్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.  దుప్పట్లోంచి ఎడమ చెయ్యి బయటికి తీశాడు. అది తన మీదకే వస్తుందనుకుని, కొడితే కొట్టనీ అని వెండెల్ కదలకుండా కూర్చున్నాడు. ఆ చెయ్యి వెండెల్ దాకా రాలేదు. ఎదురుగా ఉన్న డ్యాష్‌బోర్డు మీదకి వెళ్ళి ఆగింది. అన్యాయంగా తిట్లు తిన్న పశువుని నిమిరినట్టు దాన్ని రెండుసార్లు నిమిరింది.

"మంచి బండి," అన్నాడు ఎమిల్. ఈసారి వెండెల్ కళ్ళలోకి చూస్తూ అన్నాడు.

గింజల సంచీ చంకన పెట్టుకుని ఆల్వీనా తలుపు దగ్గరికొచ్చింది. వెండెల్ దిగి పక్కకి తప్పుకున్నాడు.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

వెండెల్‌కి తలెత్తడానికి మొహం చెల్లలేదు. "మంచి బండి అన్నాడు," అన్నాడు.

ఆల్వీనా సంచీని వెనక సీట్లో పడేసి ఎక్కి కూర్చుంది. భర్త భుజం మీద దుప్పటి సర్ది, తన వైపు తలుపు లాక్కోబోతూ ఆగింది.

"మంచిదే. దానికేం తక్కువ," అని తలుపు వేసుకుని బండిని ముందుకి పోనిచ్చింది.